పక్షవాతంతో మంచాన ఉన్న అమ్మ మీద అరిచేస్తున్నాను, నాకేమవుతోంది?

ఎనిమిది నెలలుగా చూసుకుంటున్న అమ్మ నిన్న అన్నం ఉమ్మేసిందని అరిచి, బాత్‌రూంలో కూర్చుని ఏడ్చానని రాశారు. నేనైతే గిన్నె గోడకేసి కొట్టాను. చారు మరక సున్నం వేయించేదాకా పోలేదు.

మా అత్తయ్యకి పక్షవాతంతో కుడిపక్క పడిపోతే రెండేళ్లు చూశాను. వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రయినా సరే. కొన్నాళ్లకి అలారం లేకుండానే మెలకువ వచ్చేసేది. ఒళ్లు అలిసిందిలే అనుకున్నాను. ఆడపడుచు వచ్చిన రెండు రోజులూ కడుపునిండా నిద్రపోయినా లేచాక అదే బరువు. ఎవరి ఫోనూ ఎత్తబుద్ధి కాదు. అత్తయ్య మందులు నిమిషం తప్పేవి కావు, నా బీపీ మాత్రలు అయిపోయి మూడు వారాలైనా కొనుక్కోలేదు. ఒక తెల్లవారుజామున ఆవిడ ఊపిరి ఆగినట్టనిపించింది. భయం కంటే ముందు ‘హమ్మయ్య’ అనిపించింది. నెలరోజులు ఆవిడ మొహం చూడలేకపోయాను. డాక్టరమ్మకి చెబితే, “ఈ మాట నాతో చాలామంది అన్నారమ్మా” అన్నారు.

“నీ పుణ్యం ఊరికే పోదు” అనేవాళ్లతో మాత్రం పైసా ఉపయోగం లేదు. “ఏం కావాలన్నా అడుగు వదినా” అనే మరిదిని ఏ రోజు, ఏ వేళకి రావాలో చెప్పి అడిగాను: “డబ్బు పంపకు. నెలకోసారి శనివారం పొద్దునకి దిగు, ఆ రెండు రాత్రులూ నీవి.” అలిగాడు. వచ్చాడు. ఒక్క రాత్రి నాలుగుసార్లు లేచాక, రాత్రిపూటకి ఆయాని పెడదామని తనే అన్నాడు, సగం జీతం తనే ఇచ్చాడు.

ఇంకోటి, ఒంటరిగా ఎత్తకండి. నడుం కింద దుప్పటి మడతపెట్టి వేసి, చెరోవైపు పట్టుకుని జరపాలి. ఫిజియోథెరపీ అబ్బాయి ఇది మొదటి వారమే చెప్పుంటే నా నడుం మిగిలేది.

పక్షవాతంలో మింగడం కష్టమై కూడా ఉమ్మేస్తారు. తినేటప్పుడు పొలమారుతుంటే డాక్టరుకి చెప్పండి, అది మొండితనం కాకపోవచ్చు.

ఎవరికీ చెప్పుకోలేని రాత్రి 14416కి చేయండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నేను రెండుసార్లు చేశాను, మొదటిసారి ఏడవడమే సరిపోయింది.

మీ అన్నయ్య అదే ఊళ్లో ఉంటాడని మీరే రాశారు. తినిపించడం రాదంటాడేమో. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి, అరగంట పని.