రోయింగ్ క్లబ్బుల క్రిప్టిక్ క్రాస్‌వర్డ్: మన దిక్కు నుంచి కొత్తగా వచ్చినోళ్లకు

సందేహం: అన్నా, మాది పరకాల. ఎంఎస్సీకి ఇంగ్లండు వచ్చి ఇక్కడి రోయింగ్ క్లబ్బుల చేరిన. ఆదివారం పొద్దున పడవ ఒడ్డుకు చేర్చి కడిగినంక అందరు చాయ్ తాగుకుంట క్రిప్టిక్ క్రాస్‌వర్డ్ నింపుతరు, అదే పైకి ఒకటి చెప్పి లోపట ఇంకోటి దాచే ఇంగ్లీషు గళ్ల నుడికట్టు. సొంతంగా ఆధారాలు, అంటే క్లూలు, కట్టి ఒకరినొకరు అడుగుతరు కూడ. మాటలన్నీ తెలిసినవే, ఆధారం మాత్రం ఒక్కటి అంతు పట్టదు. ఇది నేర్చుకుంటే వచ్చేదేనా?

జవాబు: నేర్చుకుంటే వచ్చేదే తమ్మీ. ఇంగ్లీషు గొప్పగ వచ్చినోళ్లకే ఇది వస్తదనుకోవద్దు. ఆధారాన్ని ఒక వాక్యంలెక్క చదువుడు బంద్ చేసి, రెండు ముక్కలు చేసుడు వస్తే సగం పని అయినట్టే. ఇంకొకటి ముందే చెప్త: ఉత్తగ నింపుకుంట కూసోకు, మొదటి వారం నుంచే చిన్నచిన్న ఆధారాలు నువ్వు గూడ కట్టు. కట్టినోనికి దాచే జాగలు తెలుస్తయి, ఆ జాగలు తెలిసినంక వెతుకుడు అల్కగ ఉంటది.

ఆధారంల ఒక కొసకు జవాబు అర్థం ఉంటది. మొదట్లనో చివర్లనో ఉంటది గని నడుమ ఉండదు. మిగిలిన ముక్క అదే జవాబును అక్షరాలతోటి ఎట్ల కట్టాల్నో చెప్తది. బ్రాకెట్ల అంకె అక్షరాల లెక్క. పొడుపుకథకు విడుపు చెప్తే అవునో కాదో పొడిచినోడే చెప్పాలె. ఇక్కడ రెండు దార్లు ఒక్క మాట కాడ కలిస్తే జవాబు ఖాయమని నీకు నువ్వే తేల్చుకుంటవు.

ఒకటి చూడు. ‘ఏ టార్గెట్ మూవ్డ్ ఫర్ బోట్ రేసెస్ (7)’. విలువిద్యనో తుపాకినో యాదికొస్తది, కావాలనే అట్ల రాస్తరు. చివరి రెండు మాటలు అర్థం: పడవ పందాలు. ‘మూవ్డ్’ అంటే అక్షరాలు కదిలినయి. ‘ఏ’, ‘టార్గెట్’ కలిపితే సరిగ్గ ఏడు అక్షరాలు: ఏ, టీ, ఏ, ఆర్, జీ, ఈ, టీ. వాటిని మార్చి పేరిస్తే రిగాటా. అక్షరాలను వరుసగ రాసుకుంటే కన్ను పాత మాటనే చదువుతది, అందుకే గుండ్రంగ రాసుకోవాలె. కదిలింది, తాగింది, విరిగింది, పిచ్చెక్కింది, కొత్తగ కట్టింది అనే అర్థమొచ్చే మాట ఏది కనపడ్డా పక్క మాటల అక్షరాలు లెక్కపెట్టు. బ్రాకెట్ల అంకెకు సరిపోతే అది అనాగ్రామ్, అంటే అక్షరాలు తారుమారు చేసే రకం, అయ్యే అవకాశం మస్తు.

‘బ్లేడ్ ఇన్ కోకో ర్యాక్ (3)’ల జవాబు కండ్ల ముంగటే ఉన్నది, ఇది మాటలల్ల దాగిన రకం. కోకో స్పెల్లింగు చివరి ఓ, ఏ, తర్వాతి మాట మొదటి ఆర్ కలిస్తే ఓర్, అంటే తెడ్డు. బ్రిటిష్ రోయర్లు తెడ్డునే బ్లేడ్ అంటరు. ‘ట్రెయిన్ కంపెనీ విత్ ఏ చర్చ్ (5)’ ముక్కలు అతికే రకం: కంపెనీకి సీ, ఓ, నడుమ ఏ, చర్చికి సీ, హెచ్. కలిపితే కోచ్. ట్రెయిన్ ఇక్కడ రైలు కాదు, శిక్షణ ఇచ్చుడు. కాజీపేటోళ్లకు కోచ్ అంటే ముందు రైలు పెట్టెనే యాదికొస్తది, ఈ ఆధారం వాళ్లను రెండింతలు తిప్పుతది. ‘ఎగ్జిస్ట్ అరౌండ్ బాయ్స్ ఓర్ (5)’ల ఉండుట అనే అర్థమున్న ‘బీ’ లోపట పిలగాడు అనే ‘ల్యాడ్’ను పెడితే బ్లేడ్ వస్తది. ‘ఎయిట్ బోస్టెడ్ (4)’ రెండు మాటలే, రెండూ అర్థాలే. ఎయిట్ అంటే ఎనిమిదిమంది తెడ్లేసే పడవ జట్టు. బోస్టెడ్ అంటే గొప్పలు చెప్పుకున్నది. కోడి కూసుడు, గొప్పలు కొట్టుడు అనే అర్థమున్న ‘క్రో’కు పాత భూతకాల రూపం ‘క్రూ’. జవాబు అదే.

పడవ మాటలు ఈ ఆటకు మంచి సరుకు, ఒక్కొక్కదానికి రెండు మూడు బతుకులున్నయి. రో అంటే తెడ్డేసుడు, వరుస. పలుకు మారితే కొట్లాట. క్రాబ్ అంటే ఎండ్రకాయ, తెడ్డు నీళ్లల్ల ఇరుక్కపోవుడు గూడ. కాక్స్ పడవను నడిపించే మనిషి, ఒక రకం యాపిల్ పండు. ఎర్గ్ అంటే జిమ్ముల ఉండే రోయింగ్ మిషను, ఫిజిక్సుల పనికి కొలమానం. ఫెదర్ అంటే ఈక, తెడ్డును అడ్డంగ తిప్పుడు. స్ట్రోక్ అంటే తెడ్డు వేటు, పడవ వెనుక కొసకు దగ్గర కూసోని జట్టుకు లయ పెట్టే మనిషి, ప్రేమగ నిమురుడు. నదుల పేర్లు చిన్నయి కాబట్టి తరుచు వస్తయి: డీ, ఎక్స్, క్యామ్, టీస్, ఆక్స్‌ఫర్డు కాడ థేమ్స్‌కు ఉన్న పేరు ఐసిస్. ‘ఫ్లవర్’ అంటే పువ్వే కాదు, ‘ఫ్లో’ అయ్యేది గూడ, అంటే నది. ‘బ్యాంకర్’ గూడ అంతే, ఒడ్డున్నది అని.

మనకు ముందే చేతిల ఉన్న సొత్తు క్రికెట్. ఓవర్ అంటే ఓ, రన్స్ అంటే ఆర్, మెయిడెన్ అంటే ఎం, కాట్ అంటే సీ, స్టంప్డ్ అంటే ఎస్, టీ; డక్ అంటే సున్నా, అంటే ఓ అక్షరం. ఆన్ ఉంటే లెగ్, లెగ్ ఉంటే ఆన్. స్కోరు కార్డు చదువుకుంట పెరిగినోనికి ఇవి వేరే నేర్పనక్కర లేదు.

మనకు అసలు కష్టం ఉచ్చారణ ఆధారాల కాడ. ‘హెడ్ రిపోర్టెడ్ ఫర్ ఓర్ (5)’ అల్కనే: తలకాయ స్కల్, అట్లనే వినపడే చిన్న తెడ్డు గూడ స్కల్, ఒకటి కే తోటి, ఇంకోటి సీ తోటి. గని దక్షిణ ఇంగ్లండు పలుకుల మాట చివరి ఆర్ వినపడదు. వాళ్లకు ‘ఓర్’, భక్తి కలిసిన భయమనే ‘ఆ’ ఒక్కతీరే. ‘సాస్’, ‘సోర్స్’ అంతే; ‘కాట్’, ‘కోర్ట్’ అంతే. మనం స్పెల్లింగుల ఆర్ ఉంటే గట్టిగ పలుకుతం, అందుకే ఈ జతలు మన చెవికి తట్టయి. వినపడింది, అన్నరు, రేడియోల వచ్చింది అనే సూచన కనపడితే ఆర్ తీసేసి పలికి చూడు.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. గార్డియన్ పేపర్ల రోజూ వచ్చే మామూలు క్రిప్టిక్‌లల్ల సోమవారంది అల్కగ ఉంటది. టైమ్స్ పేపరోళ్ల క్విక్ క్రిప్టిక్ 2014ల మొదలైంది, అడ్డం 13, నిలువు 13 గడులది. మామూలుది 15 గడులది. ఇంటి కాడ హిందూ పేపరు వస్తే అండ్ల రోజూ వచ్చేది గూడ ఈ పద్ధతిదే, అమ్మానాయనలతోటి ఫోన్ల కలిసి నింపొచ్చు. ముందు దాగినయి, తర్వాత అనాగ్రాములు పట్టుకో. వాటి అక్షరాలు పడ్డంక మిగిలినయి లొంగుతయి. ఇరవై నిమిషాలైనంక జవాబులు తెరిచి, ఒక్కొక్క ఆధారం ఎట్ల కట్టిండ్రో వెనుక నుంచి విప్పు. నేర్చుకునేదంత ఆడనే ఉన్నది. ఉత్త జవాబు చూసి ముందుకు పోతే నెలలు గడిచినా పని కాదు.

కట్టే పద్ధతి ఇది. ముందు జవాబు ఎంచుకో, నాలుగు నుంచి ఏడు అక్షరాలది. దాన్ని ముందుకు, వెనుకకు, నడుమకు విరిచి చూడు. ముక్కలు దొరికినంక అర్థం రాసుకో. పైకి కనపడే వాక్యం అన్నిటికన్న ఆఖరున. చానమంది వాక్యం ముందు అల్లి, అండ్ల అక్షరాలు ఇరికిస్తరు. అందుకే పనిలేని మిగులు మాటలు వస్తయి.

కీల్ అనేది పడవ వెన్ను. తిప్పి చదివితే లీక్, ఉల్లిపొరక లాంటి కూరగాయ. మంచి జత గదా అని ‘వెజిటబుల్ టర్న్డ్ ఓవర్ బోట్స్ బేస్ (4)’ అని రాస్తే దెబ్బ తింటవు. తిప్పే మాట నడుమ పడ్డది, కూరగాయను తిప్పాల్నా, పడవ అడుగును తిప్పాల్నా తెలవది; రెండు జవాబులు సరిపోతయి. ‘బోట్స్ బేస్, వెజిటబుల్ టర్న్డ్ ఓవర్’ అంటే ఒక్కటే నిలబడ్తది. ఆధారంల లేని మాటను మనసుల పెట్టుకొని దాని అక్షరాలు కలుపమనుడు గూడ తప్పే, నింపేటోనికి దారి ఉండదు. జవాబు క్రియ అయితే అర్థం గూడ క్రియనే కావాలె.

ఈ నియమాలను గట్టిగ పెట్టింది జిమెనీజ్ పేరుతోటి క్రాస్‌వర్డులు కట్టిన మ్యాక్‌నట్, 1966ల పుస్తకమే తెచ్చిండు. గార్డియన్ల అరాకేరియా పేరుతోటి కట్టినాయన లాంటోళ్లు వాటిని సడలించి ఆడిండ్రు. క్లబ్బుల రెండు రకాలోళ్లు ఉంటరు, వాదన పెట్టుకోకు. కొత్తల గట్టి నియమం పట్టుకునుడే మేలు, ఎవరూ తప్పు పట్టలేరు.

తెలుగుల గూడ కట్టు, మనోళ్లు కలిసిన నాడు పనికొస్తది. తెలుగుల గడికి ఒక అక్షరం, గుణింతం, ఒత్తు అన్నీ కలిపి ఒక్కటే. కలిపినా తిప్పినా వాటిని విడదీయరు. ‘తల తిరిగితే తీగ (2)’ అంటే లత. ‘మహబూబాబాదుల కనపడే సాధువు (2)’ అంటే బాబా. ‘పాలకా కదిలితే నర్సంపేట దిక్కు చెరువు (3)’ అంటే పాకాల. ‘అంజన్న గుట్టెక్కితే వచ్చే ఊరు (5)’ అంటే అందరు కొండగట్టు అంటరు, దానికి నాలుగే అక్షరాలు. అంజన్న హనుమ, గుట్ట కొండ, జవాబు హనుమకొండ. ‘ఎక్కితే’ అన్నం కాబట్టి ఇది నిలువుకే పనికొస్తది, హనుమ మీద, కొండ కింద. అడ్డం గడులకైతే ‘గుట్ట చేరితే’ అని మార్చాలె. ఇంగ్లీషుల గూడ పైకి పోయింది, లేచింది అనే సూచనలు నిలువుకే.

మర్యాద సంగతి. పడవల ఉన్నంతసేపు ఆధారాల ముచ్చట వద్దు. కాక్స్ మాట తప్ప ఇంకో మాట వినపడొద్దు. చాయ్ కాడ జవాబు తెలిసినా గబుక్కున అరవకు. విప్పిన తీరు చెప్పలేని జవాబును పెన్సిలుతోటి పలుచగ రాస్తరు. నువ్వు కట్టిందాన్ని అందరి ముంగట పెట్టే ముందు ఒక్కరికి చూపించు, జవాబు చెప్పకుండ. ఎవరన్న తమ ఆధారం నీ ముంగట పెడితే, రాకపోతే ముందు ‘అర్థం ఏ కొసకున్నది’ అని అడుగు. అప్పటికి గాకపోతే ‘ఏ రకం’ అని. మొదటి అక్షరం అడిగేది అన్నిటికన్న ఆఖరున.