మెనింగోకాకల్ జబ్బు నుంచి కోలుకున్న పసిబిడ్డకు ఇంటికి వచ్చాక ఏమేం చూసుకోవాలి?

ఆరు నెలల బాబును ఐసీయూ నుంచి ఆదోనికి తెచ్చుకున్నామనీ, కాలివేళ్ల కొసలు నల్లగా ఉన్నాయనీ, ఇక గండం గడిచినట్టేనా అనీ అడిగారు. మా అమ్మాయికి పాలు తాగే వయసులో ఇదే జబ్బు (మెదడు పొరలకు, రక్తానికి సోకే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్) చేసి కర్నూలులో చికిత్స జరిగింది కనుక, తండ్రిగా చూసినదీ, వైద్యులను అడిగి తెలుసుకున్నదీ చెబుతున్నాను. ప్రాణాపాయం తప్పింది, నిజమే; కానీ ఈ జబ్బు నుంచి బయటపడినవారిలో నూటికి 10 నుంచి 20 మందికి ఏదో ఒక లోపం మిగిలిపోతుంది.

అన్నిటికంటే ముందు వినికిడి చూపించండి. డిశ్చార్జికి ముందు చేయకపోయి ఉంటే, నాలుగు వారాల లోపల బేరా పరీక్ష (శబ్దానికి మెదడు స్పందనను యంత్రంతో కొలిచే వినికిడి పరీక్ష) చేయించాలి. మా అత్తగారు పళ్లెం మోగించి, పాప తల తిప్పింది కాబట్టి చెవులు బాగున్నాయని తేల్చేశారు. పరీక్షలో కుడి చెవికి వినికిడి లేదని తెలిసింది. ఒక చెవి పనిచేస్తుంటే ఇంట్లో ఎవరూ పసిగట్టలేరు. మెదడు పొరల వాపు లోపలి చెవికి పాకితే అక్కడి కాక్లియాలో (శబ్దాన్ని గ్రహించే నత్తగుల్ల ఆకారపు భాగంలో) ఎముక పెరిగి పూడుకుపోవచ్చు. రెండు చెవులూ దెబ్బతిన్న బిడ్డకు అప్పుడు అందులో ఇంప్లాంట్ (వినికిడి కోసం పెట్టే పరికరం) అమర్చడం కష్టమవుతుంది కనుక, ఈ విషయంలో ఆలస్యం పనికిరాదు.

వేళ్లు నల్లబడటానికి కారణం సన్నని రక్తనాళాలలో రక్తం గడ్డకట్టి, ఆ భాగానికి రక్తం అందకపోవడం. ఎంతవరకు చచ్చిపోయిందో, ఎంతవరకు కోలుకుంటుందో స్పష్టంగా తేలడానికి వారాలు పడుతుంది కాబట్టి సర్జన్లు సాధారణంగా వేచి చూస్తారు. దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి. అందాకా పొడిగా, శుభ్రంగా ఉంచాలి, పసర్లు, నూనెలు పూయకూడదు. చీము, దుర్వాసన, జ్వరం కనిపిస్తే మాత్రం వెంటనే తీసుకువెళ్లాలి. ఎముక చివర పెరిగే భాగం దెబ్బతిని ఉంటే, ఒక కాలు పొట్టిగానో వంకరగానో పెరుగుతున్నట్టు కొన్నేళ్ల తర్వాతే బయటపడుతుంది. నడక వచ్చాక కూడా ఎముకల వైద్యునికి చూపిస్తూ ఉండండి.

మూర్ఛ, మెడ నిలపడంలో, కూర్చోవడంలో ఆలస్యం ఉంటే పిల్లల వైద్యునికి చెప్పండి. ఇరుగుపొరుగు బాబును ఎత్తుకోవడానికి జంకుతున్నారని రాశారు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ పూర్తి కోర్సు అందిన బిడ్డ నుంచి అంటుకోదు. ఇంట్లోవారికి ముందుజాగ్రత్త మందు ఇచ్చారో లేదో ఆస్పత్రిని అడగండి. ఈ జబ్బు టీకా ప్రభుత్వ ఉచిత టీకాలలో లేదు, ప్రైవేటుగా వేయించుకోవాలి; తొమ్మిదో నెల నుంచి వేసే రకం ఉంది, జబ్బు వచ్చి తగ్గిన బిడ్డకూ అవసరమే. ఎక్కడికి వెళ్లినా డిశ్చార్జి కాగితాలు వెంట తీసుకెళ్లండి, ప్రతి డాక్టరూ మొదట అవే అడుగుతారు.