‘ఆడగలవా?’ అని అడగకు

అమ్మలూ,

రైల్వే టీమ్‌కి దణ్ణం పెట్టేసి డిగ్రీ కాలేజీలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ కోచ్‌గా చేరుతున్నావట. "పర్మినెంట్ ఉద్యోగం వదిలేస్తోంది అన్నయ్యా" అని నిన్న మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. దాన్ని సముదాయించి పెట్టేశాక, నేను మాత్రం వీధి చివరిదాకా వెళ్లి నలుగురికీ చెప్పొచ్చాను.

కాంట్రాక్టు కాగితం మొత్తం చదివాకే సంతకం పెట్టు. పాటియాలాలో చెయ్యాల్సిన కోచింగ్ డిప్లొమా వాయిదా వెయ్యకు. స్టోర్ రూమ్‌లో మగపిల్లల ఏడో సైజు బంతులుంటే వాటితోనే సరిపెట్టుకోమంటారు. ఒప్పుకోకు, ఆరో సైజువి కొనిపించు.

ఇక అసలు సంగతి. 1996లో నేనూ ఆట మానిన వెంటనే కోచ్‌నయ్యాను. ఒంట్లో ఇంకా ఆటగాడే ఉన్నాడు. పిల్లలకి నేర్పేది తక్కువ, నేను వేసి చూపించేది ఎక్కువ. కాలేజీల ఫైనల్. అప్పట్లో ఇరవై నిమిషాల హాఫ్‌లు రెండు. ఇంకో ఆరు నిమిషాలుందనగా మా టీమ్‌లో గార్డ్‌గా ఆడే కుర్రాడు రింగు తగిలి వెనక్కొచ్చిన బంతి కోసం ఎగిరి సిమెంటు కోర్టు మీద ఒంటికాలితో దిగాడు. మోకాలు లోపలికి వాలింది. టప్‌మని చప్పుడు. బెంచీలో ఎవరూ వినలేదన్నారు. నేను విన్నాను.

టైమవుట్ తీసుకుని "ఆడగలవా?" అన్నాను. వాడు వంగి, కట్టి ఉన్న లేసునే విప్పి మళ్లీ కట్టుకుంటూ, నా మొహం చూడకుండా "ఆడతాను సార్" అన్నాడు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, కోచ్ అడిగితే ఇంకేమంటాడు? క్రేప్ బ్యాండేజీ చుట్టి పంపాను. రెండు నిమిషాల్లో మళ్లీ పడ్డాడు, ఈసారి లేవలేదు. కప్పు మాకే వచ్చింది. ఫొటోలో వాడు లేడు. మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు, ఏసీఎల్, తెగింది, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం చెయ్యిజారింది. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. హాస్పిటల్లో నాకే టీ తెప్పించాడు. సగం తాగి గ్లాసు కిటికీలో పెట్టేశాను.

నీ దగ్గరకొచ్చేది ఆడపిల్లలు. ఎగిరి దిగే ఆటల్లో ఏసీఎల్ తెగడం మగపిల్లల కంటే వాళ్లలోనే ఎక్కువ. అందుకే మొదటి నెల షూటింగ్ పక్కన పెట్టి దిగడం నేర్పు. రెండు కాళ్ల మీద, మోకాళ్లు మడిచి, లోపలికి వాలకుండా, చప్పుడు లేకుండా. రోజూ పదిహేను నిమిషాలు. విసుక్కుంటే విసుక్కోనీ. నువ్వు మొండిదానివి, పదకొండేళ్లప్పుడు రింగుకి బంతి అందట్లేదని మా పెరట్లో చీకటి పడేదాకా ఏడుస్తూ విసిరావు. అందరూ నీలా ఉండరే తల్లీ. నొప్పి ఉందా అని అడిగి ఊరుకోకు, మెట్లు ఎలా దిగుతున్నారో చూడు.

అన్నట్టు, నీ ఎడమ మోకాలి సంగతేంటి? మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నేనడిగితే మాత్రం చెప్పు పట్టీ సర్దుకుంటూ "బాగానే ఉంది మావయ్యా" అన్నావు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నా. ఎంఆర్‌ఐ కాగితాలు తీసి ఉంచు.

మీ మావయ్య