ఎగోన్ షీలె: రబ్బరు ముట్టని గీత

ఆస్ట్రియా చిత్రకారుడు ఎగోన్ షీలె (1890–1918) గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. ఎక్కువమంది ఆయన గీత గురించే అడిగారు కాబట్టి దానికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: షీలె బొమ్మల్లో చెరిపిన ఆనవాలు ఎక్కడా కనిపించదు. ముందు పల్చగా గీసుకుని తర్వాత దిద్దేవాడా? ఆ పద్ధతిలో సాధన చేయాలంటే ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: దిద్దేవాడు కాదు. షీలె బొమ్మలు కొని దాచుకున్న రైల్వే అధికారి హైన్‌రిష్ బెనెష్, ఆయన గీస్తుండగా చూసినదాన్ని రాసిపెట్టాడు. చాలా వేగంగా గీసేవాడట. రబ్బరు అన్నదే లేదు. మోడల్ కదిలితే పాత గీత పక్కనే కొత్త గీత అంతే నిబ్బరంగా పడేది. కుదరని కాగితాన్ని అవతల పడేసి ఇంకోటి అందుకునేవాడు. అంటే ఇప్పుడు మనం చూస్తున్నవి కుదిరినవి మాత్రమే. సాధన మొదలుపెట్టేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

నున్నటి కాగితం తీసుకోండి. గరుకు కాగితం మీద గీత ముక్కలవుతుంది. 2బి గానీ 4బి గానీ పెన్సిల్ చాలు, నల్ల క్రేయాన్ అయినా పర్వాలేదు. రబ్బరును పక్క గదిలో పెట్టేయండి. మోడల్‌ను కూర్చోబెట్టి ఐదు నిమిషాల గడువు పెట్టుకోండి. అందులో మొదటి నిమిషం పెన్సిల్ ముట్టకుండా కేవలం చూడటానికే: బరువు ఎక్కడ ఆనింది, ఒళ్లు ఎక్కడ మడత పడింది, కాగితం అంచు బొమ్మను ఎక్కడ కోయాలి. తర్వాత మెడ, భుజం కలిసే చోటు వంటి స్పష్టమైన బిందువు దగ్గర మొదలుపెట్టి మోచేతి దాకా ఒకే గీతగా రండి. మోచెయ్యి, మణికట్టు, మోకాలు, కాలర్ బోన్ దగ్గర ఎముక చర్మానికి ఆనుకుని ఉంటుంది, అక్కడ గీత కోణంగా విరగాలి. కండ ఉన్న చోట వంపు తిరగాలి. షీలె గీతలో కనబడే కరుకుదనమంతా ఈ రెండింటి మధ్య మార్పులోనే ఉంది.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. చాలామంది ధైర్యం చాలక ఒకే అంచును పొట్టి పొట్టి గీతలతో పదిసార్లు తడుముతారు. దాంతో అంచు ఎక్కడుందో చూసేవాడికి తెలియదు. తప్పుగా పడినా ఒక్క గీతే మేలు. ఇంకొందరు షీలెలా ఉండాలని ఎక్కడపడితే అక్కడ గీతను విరుస్తారు. ఎముక లేని చోట విరిచిన గీత చెయ్యి విరిగినట్టే కనిపిస్తుంది. షీలె వేళ్లను సాగదీశాడు, మణికట్లను మెలిపెట్టాడు, కానీ కణుపుల లెక్క తప్పలేదు. మూడోది కుర్చీ సమస్య. ఆయన తరచుగా కుర్చీని, పరుపును గీయకుండా వదిలేసి మనిషిని ఖాళీ కాగితం మీద నిలబెట్టాడు. ఆనిన చోట తొడ, పిరుదు అదిమినట్టు ఉండే వంపు సరిగ్గా వస్తే చాలు, కుర్చీ లేకపోయినా బరువు తెలుస్తుంది. ఆ వంపు రాకుండా కుర్చీ తీసేస్తే బొమ్మ జారిపోతున్నట్టు ఉంటుంది. మొదట కుర్చీతో సహా గీసి, అదే భంగిమను కుర్చీ లేకుండా ఇంకోసారి గీసి చూడండి.

ప్రశ్న: రంగులు మోడల్ ఎదురుగా ఉండగానే వేసేవాడా? నేను పెన్సిల్ మీద నీటిరంగు వేస్తే అంతా మురికిగా మారుతోంది.

జవాబు: బెనెష్ మాట ప్రకారం మోడల్ వెళ్లిపోయాకే, జ్ఞాపకం నుంచి వేసేవాడు. అందుకే ఆ రంగులు ఒంటి రంగును అనుకరించవు. కణుపులు, మోకాళ్లు, పెదవులు, చెవుల దగ్గర ఎరుపు, నీడల్లో ఆకుపచ్చ, నీలం. 1910 ప్రాంతపు కొన్ని బొమ్మల్లో మనిషి చుట్టూ తెల్లటి గవాష్‌తో (కింది కాగితం కనబడనివ్వని చిక్కటి నీటిరంగు) అంచు కట్టాడు. గోధుమరంగు ప్యాకింగ్ కాగితం మీద గీసినప్పుడు ఆ తెలుపు బొమ్మను ముందుకు తోస్తుంది. తర్వాతి ఏళ్లలో ఈ అంచు పోయింది. 1918 నాటికి చాలా బొమ్మలకు రంగే లేదు, నల్ల క్రేయాన్ ఒక్కటే.

మీ మురికికి కారణం రెండింట్లో ఒకటై ఉండాలి. మెత్తటి పెన్సిల్ పొడి నీటిలో లేచి రంగులో కలుస్తుండవచ్చు. గీత ఒక్కసారే పడితే పొడి తక్కువ, షేడింగ్ చేస్తే ఎక్కువ. బొగ్గుతో గీసి ఉంటే ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే ద్రవం) చల్లి ఆరనివ్వకుండా నీళ్లు తగలనివ్వకండి. మైనం ఉన్న క్రేయాన్ అయితే ఈ బాధ లేదు, నీటిని అదే తోసేస్తుంది. రెండో కారణం, కింది పూత ఆరకముందే మీద ఎదురు రంగు వేయడం. తడి ఎరుపు మీద ఆకుపచ్చ పడితే బురదే మిగులుతుంది. ఒక పూత పూర్తిగా ఆరనిచ్చి, పక్కపక్కన వేయండి. కుంచె కూడా కండ తిరిగే దిక్కుకే కదలాలి. రంగును గీత దాకా నింపాలన్న నియమం లేదు. గీతకు కాస్త ఇవతల ఆగినా, అక్కడక్కడ దాటినా బొమ్మకు ఊపిరి వస్తుంది. కాగితం పల్చగా ఉంటే తడికి ఉబ్బి అలలు తేలుతుంది. నాలుగు వైపులా గమ్ టేపుతో బోర్డుకు అంటించి, ఆరాకే విప్పండి.

ప్రశ్న: హిట్లర్‌ను తిప్పి పంపిన అకాడమీలోనే షీలె చదివాడంటారు. నిజమేనా?

జవాబు: నిజమే. వియన్నా లలితకళల అకాడమీలో షీలె 1906లో, 16 ఏళ్లకే చేరాడు. హిట్లర్ 1907లో, మళ్లీ 1908లో ప్రయత్నించి విఫలమయ్యాడు. అంతకుమించి ఇద్దరినీ ఒకే కథలో ఇరికించడం పత్రికలకు సరదాయే తప్ప కళకు సంబంధించిన విషయం కాదు. షీలెకూ అక్కడ సుఖం లేదు. గురువు క్రిస్టియాన్ గ్రీపెన్‌కెర్ల్ పాత పద్ధతులు వదలని మనిషి. ఆయనతో పడక 1909లో తోటి విద్యార్థులతో కలిసి బయటికొచ్చి ‘నవ కళా బృందం’ పెట్టాడు. అయితే ముందు చెప్పిన కణుపుల లెక్క ఆ మూడేళ్ల చదువులో వచ్చిందే. తిరగబడినవాడు ఏం నేర్చుకుని తిరగబడ్డాడో కూడా చూడాలి. 1907 నుంచి వియన్నాలో పేరున్న చిత్రకారుడు గుస్టావ్ క్లిమ్ట్ అండ కూడా ఉంది.

ప్రశ్న: 1912లో జైలుకు ఎందుకు వెళ్లాడు? అశ్లీల చిత్రాలు గీసినందుకేనా?

జవాబు: గీసినందుకు కాదు, అవి పిల్లల కంటబడేలా ఉంచినందుకు. తేడా ముఖ్యం. 1911లో తల్లి పుట్టిన ఊరు క్రుమావ్‌లో (నేటి చెక్ రిపబ్లిక్‌లోని చెస్కీ క్రుమ్లోవ్) ఉండబోతే, పెళ్లి కాకుండా తన మోడల్ వాలీ నొయ్‌ట్సిల్‌తో కాపురం, చిన్నపిల్లలను బొమ్మలకు మోడళ్లుగా కూర్చోబెట్టుకోవడం చూసి ఊరివాళ్లు ఉండనివ్వలేదు. అక్కణ్నుంచి వియన్నాకు దగ్గరలోని నొయ్‌లెంగ్‌బాఖ్‌కు మారాడు. 1912 ఏప్రిల్ 13న అరెస్టయ్యాడు. మైనర్ బాలికను ఎత్తుకెళ్లాడన్న అభియోగం, లైంగిక నేరం అభియోగం రెండూ నిలవలేదు. పిల్లలు వచ్చిపోయే చోట అసభ్య చిత్రాలు కనబడేలా ఉంచాడన్న నేరం మాత్రం రుజువైంది. విచారణ ఖైదుతో కలిపి మొత్తం 24 రోజులు లోపలున్నాడు. న్యాయమూర్తి కోర్టులోనే ఒక బొమ్మను కొవ్వొత్తి మంటలో కాల్చాడు.

అందుకని ఆయన్ను ఒట్టి బలిపశువుగా చూపడం సరికాదు. పేద ఇళ్ల పిల్లలను పెద్దల అనుమతి పట్టించుకోకుండా మోడళ్లుగా కూర్చోబెట్టాడన్నది వాస్తవం. జైలు గదిలో గీసిన నీటిరంగుల బొమ్మలు మాత్రం చూడాల్సినవి. వాలీ తెచ్చి ఇచ్చిన నారింజపండు, మంచం, నడవా, తలుపు. ఒక హెచ్చరిక: 1922లో షీలె పేరుతో అచ్చయిన జైలు డైరీని ఆధారంగా తీసుకోకండి. దాన్ని వెలువరించిన విమర్శకుడు ఆర్థర్ రోస్లరే చాలావరకు రాశాడని పరిశోధకుల అభిప్రాయం. వ్యాసాల్లో కనిపించే ‘జైలులో షీలె మాటలు’ ఎక్కువగా అక్కడివే. బొమ్మల మీద ఆయన చేతిరాతలో ఉన్న వాక్యాలే నమ్మదగినవి.

ప్రశ్న: మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా ఉండి అన్ని బొమ్మలు ఎలా గీయగలిగాడు?

జవాబు: యుద్ధరంగానికి వెళ్లలేదు కాబట్టి. 1915 జూన్ 17న ఎడిత్ హార్మ్స్‌ను పెళ్లాడాడు, నాలుగు రోజులకే ప్రాగ్‌లో సైన్యానికి హాజరయ్యాడు. తర్వాత కాపలా పనులు. 1916లో మ్యూలింగ్‌లో, రష్యన్ అధికారులను ఖైదు చేసిన శిబిరంలో గుమాస్తా ఉద్యోగం. అక్కడి ఖైదీల ముఖాలను ఎంతో మర్యాదగా గీశాడు. శత్రువని ఆ బొమ్మల్లో ఎక్కడా అనిపించదు. 1917 మొదట్లో వియన్నాలోని సైనిక సరఫరా సంస్థకు బదిలీ అయ్యాక సొంత స్టూడియో మళ్లీ అందుబాటులోకి వచ్చింది. తైలవర్ణ చిత్రాలు 1916లో బాగా తగ్గి 1917లో పుంజుకోవడానికి ఇదే కారణం. ఆయన మనసు మారిందని సిద్ధాంతాలు కట్టేముందు బదిలీ ఉత్తర్వుల తేదీలు చూడటం మంచిది.

1918 ఫిబ్రవరి 6న క్లిమ్ట్ పోయాడు. శవాగారంలో ఆయన ముఖాన్ని షీలె గీశాడు. మార్చిలో వియన్నా సెసెషన్ (పాత పద్ధతుల నుంచి విడిపోయిన కళాకారుల సంఘం) ప్రదర్శనలో ప్రధాన హాలు షీలెకే దక్కింది, పోస్టరూ ఆయనదే, అమ్మకాలూ బాగా జరిగాయి. ఆ శరదృతువులోనే స్పానిష్ ఫ్లూ ఇంట్లోకి వచ్చింది. ఆరు నెలల గర్భిణి ఎడిత్ అక్టోబర్ 28న, షీలె 31న చనిపోయారు. ఆయన వయసు 28.

ప్రశ్న: ‘కుటుంబం’ చిత్రంలో ఉన్నది షీలె, ఎడిత్, పుట్టబోయే బిడ్డేనా?

జవాబు: మగమనిషి షీలెయే. స్త్రీ ముఖంలో ఎడిత్ పోలికలు లేవు. 1918 మార్చిలో ప్రదర్శించినప్పుడు దాని పేరు ‘ఒదిగి కూర్చున్న మానవ జంట’. పిల్లవాడు తర్వాత చేరాడు. ‘కుటుంబం’ అన్న పేరు కూడా తర్వాతిదే. చివరి రోజుల విషాదాన్ని ముందే ఊహించి గీశాడన్న కథ తేదీల ముందు నిలవదు.

ప్రశ్న: నా దగ్గరున్న ప్రింటులో పడుకున్న స్త్రీ నిలువుగా నిలబడినట్టుంది. అచ్చు తప్పా?

జవాబు: సంతకం చూడండి. అది సరిగ్గా చదవడానికి వీలుగా ఉంటే అచ్చు సరైనదే. మోడల్‌ను కింద పడుకోబెట్టి, తాను నిచ్చెన మీది నుంచి గీసి, తర్వాత కాగితాన్ని నిలువుగా తిప్పి సంతకం చేయడం షీలెకు అలవాటు. పరుపు గీయలేదు కాబట్టి ఆధారం దొరకదు, చూసేవాడు తికమకపడతాడు. అదే ఆయనకు కావలసింది. సంతకం వల్ల ఇంకో ఉపయోగం ఉంది. 1910 నాటి బొమ్మల మీద తరచుగా ‘ఎస్’ అక్షరం, ఏడాది చివరి రెండంకెలు మాత్రమే ఉంటాయి. తర్వాతి ఏళ్లలో పేరు, ఇంటిపేరు, సంవత్సరం ఒకదాని కింద ఒకటిగా పెట్టెలో అమర్చినట్టు వస్తాయి. 1910 బొమ్మ అని చెప్పి పెట్టె సంతకం చూపిస్తే అనుమానించాల్సిందే. అలాగని సంతకం ఒక్కదాన్నే నమ్మడానికీ లేదు, కాపీ చేయడానికి అదే అన్నిటికన్నా తేలిక.

ప్రశ్న: ‘వాలీ చిత్రం’ మీద అమెరికాలో కేసు నడిచిందట. ఏం జరిగింది?

జవాబు: 1912లో చెక్కపలక మీద వేసిన చిన్న తైలవర్ణ చిత్రమది. వియన్నాలో గ్యాలరీ నడిపిన యూదు మహిళ లేయా బోండి సొంత ఆస్తి. ఆస్ట్రియాను నాజీలు కలుపుకున్నాక, ఆమె లండన్ పారిపోయే ముందు ఫ్రీడ్రిష్ వెల్ట్స్ అనే వ్యాపారి దాన్ని లాగేసుకున్నాడు. యుద్ధం తర్వాత అది వేరే యూదు సేకర్త హైన్‌రిష్ రీగర్ బొమ్మలతో పొరపాటున కలిసిపోయి ప్రభుత్వ మ్యూజియం చేరింది. అక్కణ్నుంచి 1954లో మార్పిడి కింద రుడాల్ఫ్ లియోపోల్డ్ అనే సేకర్త చేతికి వచ్చింది. బోండి 1969లో చనిపోయేదాకా దానికోసం ప్రయత్నిస్తూనే ఉంది. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లినప్పుడు, 1998 జనవరిలో అక్కడి అధికారులు తిరిగి పోకుండా ఆపారు. 2010లో ఆమె వారసులకు 1.9 కోట్ల డాలర్లు చెల్లించేలా రాజీ కుదిరి చిత్రం వియన్నా చేరింది. దాని పక్కన అసలు యజమాని ఎవరో రాసిపెట్టాలన్నది కూడా రాజీలో భాగమే. ఆ ఖర్చు పూడ్చుకోవడానికి వియన్నాలోని లియోపోల్డ్ మ్యూజియం 2011లో షీలె 1914 నాటి ‘ఉతికిన బట్టలున్న ఇళ్లు’ చిత్రాన్ని లండన్‌లో వేలం వేస్తే దాదాపు 2.47 కోట్ల పౌండ్లు వచ్చాయి. 1998లోనే ఆస్ట్రియా కళాఖండాలు తిరిగి ఇచ్చే చట్టం చేసింది. కానీ అది ప్రభుత్వ సేకరణలకే వర్తిస్తుంది. లియోపోల్డ్ మ్యూజియం ప్రైవేటు ఫౌండేషన్ కావడంతో ఈ వివాదం అంత సాగింది.

ప్రశ్న: వియన్నా వెళ్తున్నాం. షీలె అసలు చిత్రాలు ఎక్కడ చూడాలి?

జవాబు: సమయం తక్కువుంటే లియోపోల్డ్ మ్యూజియం ఒక్కటి చాలు. షీలె చిత్రాల అతిపెద్ద సేకరణ అదే. ‘మృత్యువు – కన్య’, ‘కౌగిలి’, ‘కుటుంబం’ చూడాలంటే బెల్వెడేర్ మ్యూజియానికి వెళ్లాలి. కాగితం మీది బొమ్మలకు ఆల్బర్టినా మ్యూజియం ప్రసిద్ధం, జైలు బొమ్మల్లో చాలావరకు అక్కడివే. అయితే అవి ఎప్పుడూ గోడ మీద ఉంటాయనుకుని వెళ్తే నిరాశే. కాగితానికి, నీటిరంగుకు వెలుతురు తగిలితే జరిగే నష్టం పోగుపడుతూనే ఉంటుంది, మళ్లీ సరిచేయలేం. అందుకే మ్యూజియాలు సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) మించని వెలుతురులో, కొన్ని నెలలే ప్రదర్శించి మళ్లీ చీకట్లో దాస్తాయి. వెళ్లేముందు ఆ నెలలో ఏ ప్రదర్శన నడుస్తోందో మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి. గదిలోకి వెళ్లగానే అంతా మసకగా అనిపిస్తుంది. రెండు మూడు నిమిషాలు ఆగితే కళ్లు అలవాటుపడతాయి, అప్పుడు పెన్సిల్ ఒత్తిడిలో తేడాలు కూడా తెలుస్తాయి. ఫ్లాష్ వాడనివ్వరు.

ఇంకో రోజు దొరికితే ఆయన పుట్టిన టుల్న్‌కు వెళ్లండి. తండ్రి అక్కడ స్టేషన్ మాస్టర్, షీలె పుట్టింది స్టేషన్ భవనంలోనే. ఊళ్లోని షీలె మ్యూజియం పాత జైలు భవనంలో ఉంది. ఆయన్ను పెట్టిన జైలు అదేనని పొరబడకండి, అది నొయ్‌లెంగ్‌బాఖ్‌లో.