ఆ చెక్క బొటనవేలి దగ్గరే ఆగాల్సింది

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం 'ఈజిప్టు వైద్య రహస్యాలు' రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే 'అద్భుతం' ఆరుసార్లు వచ్చింది. మూడో పేజీలో 'వేల ఏళ్ల కిందటే మెదడు ఆపరేషన్లు చేసి ప్రాణాలు నిలిపారు' అని రాశావు. అక్కడ కోపమొచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

1862లో ఈజిప్టులోని లక్సర్‌లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ కొన్న పపైరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) చుట్టను మనసులో పెట్టుకునే ఆ మాట రాసి ఉంటావు. క్రీ.పూ. 1600 ప్రాంతంలో, అంతకన్నా పాత గ్రంథం చూసి ఎవరో రాసిన ప్రతి అది. 1930లో బ్రెస్టెడ్ అనే చరిత్రకారుడు ఇంగ్లీషులోకి తెచ్చాడు. 48 కేసులు, ఎక్కువగా దెబ్బలు, ఎముకలు విరగడాలు. అందులో ఆరోది చూడు. తల పగిలి మెదడు బయటపడింది. వైద్యుడు గాయాన్ని తడిమి చూశాడు. కరిగిన రాగి మీద కట్టే ముడతల్లా ఉందన్నాడు. పసిబిడ్డ మాడులా వేళ్ల కింద కొట్టుకుంటోందన్నాడు. కొవ్వు పూయాలి, కట్టు కట్టకూడదు అన్నాడు. ఆపరేషన్ ఊసే లేదు. 'దీనికి వైద్యం లేదు' అని రాశాడు.

ఆ చుట్టలో తీర్పులు మూడే. నయం చేస్తాను, దీంతో పోరాడతాను, చేసేదేమీ లేదు. ఈ మూడోదాన్ని నువ్వు ఎలా వదిలేశావు?

మా మేనమామ కల్లు గీసేవాడు. మోకు తెగి తాటిచెట్టు మీంచి పడ్డాడు. మెడ దగ్గర దెబ్బ. కాళ్లూ చేతులూ ఉన్నట్టే తెలిసేది కాదు, మూత్రం తెలియకుండానే పోయేది. ఆస్పత్రిలో మూడు నెలలపాటు 'తగ్గిపోతుందమ్మా' అన్నారు. అత్తయ్య రెండెకరాలు అమ్మింది. మామయ్య పోయాక ఎన్నో ఏళ్లకి లైబ్రరీలో 31వ కేసు చదివాను. మెడపూస తప్పినవాడు, చేతులూ కాళ్లూ తెలియనివాడు, మూత్రం కారిపోతున్నవాడు. కింద అదే తీర్పు, వైద్యం లేదని. బల్ల మీద తల ఆన్చి ఏడ్చాను. మాకు ఎవరూ చెప్పని నిజం అందులో ఉంది.

అది మొత్తం రాసి ఒక వారపత్రికకి ఇచ్చాను. ఆ చుట్ట వెనక వైపు మంత్రాలూ, ముసలివాణ్ణి పడుచువాడిగా మార్చే లేపనం ఒకటీ ఉన్నాయని చివర ఒక్క ముక్క రాశాను. ఎడిటర్‌గారు ఆ లేపనాన్నే ముందుకు తెచ్చి, 'యవ్వన రహస్యం' అని పేరు పెట్టి, మామయ్యని పూర్తిగా కొట్టేశారు. ముప్పై ఏళ్లయింది, ఇప్పటికీ మర్చిపోలేదు. రహస్యం అన్న మాట చూస్తే ఒళ్లు మండేది అందుకే. వైద్యుడు చూసింది చూసినట్టు రాస్తే దాన్ని రహస్యం చేసి అమ్ముతారు. నువ్వు ఆ పని చేయకు. రోగిని చూపించు, వేలు ఎక్కడ పెట్టాడో చూపించు, చేతకానప్పుడు ఏమన్నాడో రాయి. ఆ మనిషి మీద గౌరవం దానంతటదే వస్తుంది.

నీ వ్యాసంలో అలాంటి వాక్యం ఒకటుంది. ఐదో పేజీ అడుగున, 'ఆ చెక్క బొటనవేలికి గోరు కూడా చెక్కారు' అన్నావు. అక్కడ నేను చదవడం ఆపి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. లక్సర్ ఎదుట, నైలు పడమటి ఒడ్డున సమాధిలో దొరికిన ఆ వేలు ఒక పూజారి కూతురు పోయిన బొటనవేలి బదులు పెట్టుకున్నది, దాదాపు 3,000 ఏళ్ల కిందటిది. చెక్క, తోలు కలిపి చేశారు. ఆమె పాదానికి కుదిరేలా ఒకసారి కాదు, చాలాసార్లు సరిచేశారు. అంటే ఆమె వచ్చి చెప్పింది, చేసినవాడు మళ్లీ చెక్కాడు. ఇంత విషయాన్ని ఒక్క వాక్యంలో దాటేసి పిరమిడ్ల మీదికి వెళ్లిపోయావు!

కలం పేరు గురించీ, ఏ పత్రికకి పంపాలన్నదాని గురించీ అడిగావు. అవి తర్వాత. ముందు మొదటి నాలుగు పేజీలు తీసెయ్. ఆ గోరుతో మొదలుపెట్టి రాసి, సంక్రాంతిలోపు నాకు పంపు.