క్యామ్‌డెన్‌లో సీటు వచ్చింది, అమ్మాయిని పంపవచ్చా?

మీ అమ్మాయికి రట్గర్స్ యూనివర్సిటీ క్యామ్‌డెన్ క్యాంపస్‌లో ఎంఎస్ సీటు వచ్చిందని, నెట్‌లో వెతికితే "అమెరికాలో అత్యంత ప్రమాదకరమైన నగరం" అని కనబడి ఇంట్లో అందరూ టెన్షన్ పడుతున్నారని రాశారు. నేను 2016 ఆగస్టు నుంచి రెండేళ్లు అక్కడే చదువుకున్నాను. నన్నడిగితే పంపవచ్చండీ. కానీ ఎక్కడ ఉంటుంది, రాత్రిపూట ఇంటికి ఎలా చేరుతుంది, ఈ రెండూ ముందే తేల్చుకోండి.

ఆ చెడ్డపేరు ఊరికే రాలేదు. డెలావేర్ నదికి ఒక ఒడ్డున ఫిలడెల్ఫియా, ఇంకో ఒడ్డున న్యూజెర్సీ వైపు క్యామ్‌డెన్. ఓడలు కట్టే యార్డు, రేడియోలు తయారుచేసే ఆర్‌సీఏ కంపెనీ, క్యాంప్‌బెల్ సూప్ ఫ్యాక్టరీ ఒకప్పుడు అక్కడ వేల కుటుంబాలకు అన్నం పెట్టాయి. షిప్‌యార్డు 1967లో మూతపడింది, సూప్ ఫ్యాక్టరీ 1990లో. వెళ్లగలిగినవాళ్లు శివార్లకు వెళ్లిపోయారు. వెళ్లలేనివాళ్ల వీధుల్లోకి డ్రగ్స్ వ్యాపారం వచ్చి కూర్చుంది. ఆ సరుకు కొనేవాళ్లలో చాలామంది చుట్టుపక్కల బాగా బతికే ఊళ్ల నుంచి కార్లలో వచ్చేవాళ్లే. చెడ్డపేరు మాత్రం క్యామ్‌డెన్‌కే మిగిలింది. అదే నాకు ఇప్పటికీ బాధ.

2011 జనవరిలో నగరం దగ్గర డబ్బు లేక పోలీసుల్లో దాదాపు సగం మందిని తీసేశారు. 2012లో 67 హత్యలు జరిగాయి. జనాభా చూస్తే 77 వేలు. అంటే లక్ష మందికి 87 లెక్కన. ఆ ఏడాది అమెరికా మొత్తం సగటు లక్షకు 5 కూడా లేదు. మీరు నెట్‌లో చూసిన కథనాలు చాలావరకు ఆ రోజులవే అయి ఉంటాయి, తేదీలు ఒకసారి చూడండి.

2013 మేలో పాత పోలీసు శాఖను రద్దు చేసి, కౌంటీ (మన జిల్లా లాంటిది) కింద కొత్తది పెట్టారు. జీతాలు తగ్గించి ఎక్కువమందిని తీసుకున్నారు, కార్లు దిగి వీధుల్లో నడవమన్నారు. మొదట్లో సైకిలుకు లైటు లేదని, కారు అద్దాలు నల్లగా ఉన్నాయని కూడా జరిమానాలు రాసి పేదవాళ్లను సతాయించారు. బలప్రయోగం మీద ఫిర్యాదులు కూడా పెరిగాయి. తర్వాత పద్ధతి మార్చుకున్నారు. 2019లో బలప్రయోగం మీద చాలా కఠినమైన నియమాలు తెచ్చారు. హత్యలు తగ్గుతూ వచ్చి 2024లో 17కు చేరాయి. అయితే ఇదంతా పోలీసుల గొప్పే అనను. అదే 2024లో నది అవతల ఫిలడెల్ఫియాలోనూ, దేశమంతటా కూడా హత్యలు బాగా తగ్గాయి.

ఇక్కడ ఒక సంగతి కాస్త నెమ్మదిగా చదవండి. నేను వెళ్లిన 2016లో అక్కడ 44 హత్యలు జరిగాయి. మరుసటి ఏడాది 23. నగరం ఒక్క ఏడాదిలో రెట్టింపు మంచిదైపోయిందా? నేను రోజూ నడిచిన వీధులు, ఎక్కిన బస్సు, చూసిన మనుషులు ఏమీ మారలేదు. జనాభా లక్ష కూడా లేని ఊళ్లో ఒక్క హత్య పెరిగితే చాలు, లక్షకు వేసే లెక్క ఒకటికి పైగా పెరుగుతుంది. ఇద్దరు ముఠావాళ్ల మధ్య పగ మొదలై నాలుగు ప్రాణాలు పోతే ఆ నగరం ప్రమాదకరమైన నగరాల జాబితాలో పైకి ఎక్కుతుంది. అందుకే చిన్న ఊరికి ఒక్క ఏడాది అంకె చూసి భయపడకూడదు, సంతోషపడకూడదు. కనీసం పదేళ్లు వరుసగా పెట్టి చూడాలి. అది కూడా లక్షకు ఎంత అని కాకుండా, అసలు ఎన్ని జరిగాయో చూడాలి.

పైగా ఆ హత్యలు ఊరంతా సమానంగా జరగవు. కొన్ని మూలల్లోనే మళ్లీ మళ్లీ జరుగుతాయి. చనిపోయేది ఎక్కువగా అక్కడే పుట్టి పెరిగిన కుర్రాళ్లు. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని, నేను లైబ్రరీ నుంచి ఆలస్యంగా వస్తే "ఇవాళ ఇంతసేపా?" అని అడిగేవారు. ఆవిడ కొడుకు చాలా ఏళ్ల క్రితం కాల్పుల్లో పోయాడని ఆరు నెలల తర్వాత తెలిసింది. నా గురించి మా అమ్మ పడ్డ భయం నిజమే, కానీ ఆ వీధిలో అసలు భారం మోసింది ఆవిడ లాంటివాళ్లు.

స్టూడెంట్లకు ఎదురయ్యేది వేరే రకం. మా రూమ్మేట్ ఒకరోజు రాత్రి 11 దాటాక స్టేషన్ నుంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ చూసుకుంటూ నడిచి వస్తుంటే ఇద్దరు కుర్రాళ్లు అడ్డగించి ఫోన్, పర్సు లాక్కున్నారు. దెబ్బలు తగల్లేదు కానీ నెల రోజులు సరిగ్గా నిద్రపోలేదు. పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడానికి వీసాకు ఏమైనా అవుతుందేమోనని భయపడ్డాడు. బాధితుడు ఫిర్యాదు ఇస్తే వీసాకు ఏమీ కాదు, ఈ మాట మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

ర్యాంకుల జాబితాలు వదిలేసి ఇంకొకటి చదవండి. క్లెరీ చట్టం ప్రకారం అక్కడి యూనివర్సిటీలు ఏటా అక్టోబరు 1 లోపు మూడేళ్ల నేరాల అంకెలు బయటపెట్టాలి. క్యాంపస్‌లో ఎన్ని, ఆనుకుని ఉన్న రోడ్ల మీద ఎన్ని అని విడివిడిగా ఉంటాయి. రట్గర్స్‌ది కూడా వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. నగరం మొత్తం అంకె కంటే మీ అమ్మాయికి సంబంధించింది అది.

మొదటి ఏడాది క్యాంపస్‌లోనో, కూపర్ స్ట్రీట్ దగ్గరలోనో ఉండమనండి. అద్దె వంద డాలర్లు తక్కువని దూరంగా వెళ్లొద్దు. కొందరు మనవాళ్లు ఫిలడెల్ఫియాలో ఉండి ప్యాట్కో రైల్లో వస్తారు, క్యాంపస్‌కు సిటీ హాల్ స్టేషన్ దగ్గర. అలాగైతే రాత్రి క్లాసులున్న రోజుల్లో స్టేషన్ దాకా ఒంటరిగా నడవకుండా తోడు చూసుకోవాలి. లీజు మీద సంతకం పెట్టేముందు అక్కడున్న సీనియర్ ఎవరినైనా రాత్రి తొమ్మిదింటికి ఆ వీధికి వెళ్లి వీడియో కాల్ చేయమనండి. మీరూ చూడండి.