చీలమండ దగ్గర గీత ఎందుకు ఎగురుతోంది?

ప్రశ్న: ఫిజియోథెరపీ చివరి ఏడాది చదువుతున్నాను. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారి నడకను రెండో తరం కినెక్ట్ సెన్సర్‌తో (ఒంటి కదలికలను పట్టే మైక్రోసాఫ్ట్ కెమెరా) కొలుస్తున్నాను. మోకాలి గ్రాఫ్ నున్నగా వస్తోంది, చీలమండ దగ్గర మాత్రం గీత ఎగిరెగిరి పడుతోంది. సెన్సర్ పాడైందా? ప్రాజెక్టు గడువు దగ్గరపడి టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని

జవాబు: పాడవలేదమ్మా, కంగారు పడకండి. ఆ సెన్సర్ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపి, అది తగిలి తిరిగొచ్చే వ్యవధిని బట్టి దూరం లెక్కగడుతుంది. పాదం నేలకు ఆనగానే సెన్సర్ నుంచి రెండింటి దూరం దాదాపు ఒకటైపోతుంది. ఇక పాదం ఎక్కడ ముగిసిందో సాఫ్ట్‌వేర్ పోల్చుకోలేదు. అసలు అది చూపే 25 కీళ్లూ నేరుగా కొలిచినవి కావు, ఒంటి ఆకారాన్ని చూసి వేసిన అంచనాలు. ప్రతి కీలుకూ అది నిజంగా కనిపించిందా, ఊహించిందా అనే గుర్తు డేటాలోనే ఉంటుంది. ముందు అది తెరిచి చూడండి.

నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. ఒకావిడ చీలమండ వంపు వారంలోనే బాగా మెరుగైందని రిపోర్టులో రాసేశాను. ఆవిడ ఎంత సంతోషించిందో! తర్వాత వీడియో చూస్తే, ఆ రోజు ఆవిడ నల్ల సాక్సులు వేసుకుంది. కొన్ని నల్లటి బట్టలు ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చేసుకుంటాయి, దాంతో దూరం తప్పుగా వస్తుంది. మెరుగుదల ఏమీ లేదని ఆవిడకు చెప్పాల్సి వచ్చింది. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి లేత రంగు బట్టలే వేసుకు రమ్మంటున్నాను, కిటికీలోంచి ఎండ పడకుండా చూస్తున్నాను.

మీ ప్రాజెక్టుకు నడక వేగం, అడుగు నిడివి, అడుగుకు పట్టే సమయం, మొండెం ఊగడం తీసుకోండి. వీటిలో ఈ సెన్సర్ బాగానే పనికొస్తుంది. ఇది చూసేది సుమారు అర మీటరు నుంచి నాలుగున్నర మీటర్ల వరకే కాబట్టి ఒక్కో నడకలో దొరికేవి కొన్ని అడుగులే. మనిషిని ఇంకా వెనక నుంచి బయలుదేరమనండి, సెన్సర్‌కు ఎదురుగానే నడిపించండి, చాలాసార్లు తీయండి. సెకనుకు 30 ఫ్రేములంటారు గానీ వాటి మధ్య ఎడం సమానంగా ఉండదు. గీతను నున్నగా చేసే ఫిల్టర్ వేసేముందు టైమ్‌స్టాంపులు (ఒక్కో ఫ్రేము తీసిన సమయం) చూసి సరిచేయండి. నేల మీద టేపుతో మీటరు గుర్తులు పెట్టి, సెన్సర్ చెప్పిన దూరంతో పోల్చండి.

చీలమండ కోణం తప్పనిసరైతే పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసి అందులో కొలవండి.